సెలవు

పర్లాకిమిడి కోర్టు గోడవార
ముప్పయ్యేళ్ళుగా నా టైపు మిషను.
పాతపట్నం నుంచి సైకిలు మీద వస్తాను.
పావుగంటలో రాష్ట్రం మారిపోతుంది,
గొలుసైనా ఊడదు.

మంగళవారం డిల్లేశ్వరి వచ్చింది.
పలాసలో జీడిపప్పు ఏరే పని దొరికిందట,
అక్క ఇంట్లో వెనకగది,
పిల్లకి తెలుగు బడి.
"నా గుంటని నేను తీసుకెల్డానికి
ఎవుల్ని అడగాల బావూ?"
నిన్ను సంరక్షకురాలివని రాసిచ్చింది కోర్టే కదమ్మా,
పరిధి దాటాలంటే దాని సెలవే కావాలి,
ఇరవయ్యారో సెక్షను అన్నాను.
ఆమె తెలుగులో చెప్పుకుంటూ పోయింది,
నేను ఒడియాలో కొట్టుకుంటూ పోయాను.
ఆమె మోక్షిత అన్నచోటల్లా
కాగితం మీద మైనరు అని పడింది.

శుక్రవారం కూర్మారావు.
కొమ్ముబొమ్మలు చెక్కే మనిషి,
గోళ్ళసందుల్లో బూడిదరంగు పొడి.
అభ్యంతరం రాయాలన్నాడు.
ఆదివారాలు పిల్ల తన దగ్గరికొస్తుంది,
కొమ్ముతో కొంగని చెక్కుతోంది,
ఒళ్ళంతా అయిపోయింది, ముక్కే మిగిలింది.
అదీ రాయమన్నాడు.
కొంగముక్కుకి నా నమూనాలో గడి లేదు.
'సందర్శన హక్కుకు భంగం' అని కొట్టాను.
డబ్బులిచ్చి, కాసేపు నిలబడి,
పలాస బస్సు ఆదివారం పొద్దున్న
ఎన్నింటికని అడిగాడు.

ఒకే మిషను, ఒకే రిబ్బను.
రెండింట్లోనూ ఆఖరి వాక్యం
మైనరు సంక్షేమం దృష్ట్యా.
ఆ మాట దగ్గర ఒక అక్షరం
వరసలోంచి కాస్త పైకి లేస్తుంది,
ఎన్నిసార్లు బాగుచేయించినా.

వాయిదా నాడు
జడ్జిగారు పిల్లని గదిలోకి పిలిపించారు.
తలుపు వేశారు.
వరండాకి ఆ కొసన ఆమె, ఈ కొసన అతను,
మధ్యలో ప్లీడర్ల టీగ్లాసులు.
ఏమడిగారో, ఏం చెప్పిందో!
బయటికొచ్చి ఎవరివైపూ వెళ్ళకుండా
నా బల్ల దగ్గర ఆగింది.
"తాతా, ఒక్కసారి నొక్కనా?"

తన పేరులో మొదటి అక్షరం వెతుక్కుంది,
ఒత్తిపట్టి కొట్టింది.
మో.
ఒడియాలో ఆ ఒక్క అక్షరానికే అర్థముంది:
నా.
ఎవరి నా అన్నది
మిషను చెప్పదు.

ఉత్తర్వు ఇంకా రాలేదు,
జడ్జిగారికి బదిలీ అంటున్నారు.
ఆ కాగితం పారేయబుద్ధి కాలేదు నాకు.
మడిచి జేబులో పెట్టుకుని
సాయంత్రం సైకిలెక్కి సరిహద్దు దాటాను,
ఎవరి సెలవూ అడగలేదు.