కుళ్ళడం తెలిసిన తాడు

పద్మనాభం దాటాక మట్టిరోడ్డు మలుపులో
తెల్లారకముందే నా ఆటో ఆపింది నూకరత్నం.
పది కట్టలు. ఒక్కొక్కటీ
తలంటుకుని ఆరబెట్టుకున్న ముసలమ్మ జుట్టులా
తెల్లగా, పొడుగ్గా.
"జనుము నారరా ఈరినాయుడూ,
జాలారిపేట దాకా. ఎంతిమ్మంటావు?"
ఎంతని చెప్పను?
ఈ బండిలో కోళ్ళెక్కాయి, సిమెంటెక్కింది,
ఒక రాత్రి నెలలు నిండిన మనిషి ఎక్కింది.
నార ఎక్కడం ఇదే మొదలు.

దారిపొడుగునా చెబుతూనే ఉంది, నేనడక్కపోయినా.
వరి కోసిన మడిలో తడారకముందే చల్లిందట.
దుక్కి లేదు, మందు లేదు, మోటారు కట్టలేదు.
నెలన్నరకి మడి నిండా పసుపు.
సగం పూతమీద ఉండగానే దున్నించి తొక్కించేసింది.
"అది నేలకి.
అప్పిచ్చినోడి కన్నా ముందు
నేల వాటా ఇచ్చీయాల."
మిగతా సగంలో
కాయలెండి, గాలొస్తే
వెయ్యిమంది పసిపిల్లలు గిలక్కాయలు ఊపినట్టుండేదట.
కోసి గెడ్డలో నానేసిన వారం రోజులూ
ఆ కంపుకి కోడలు పలకరించలేదట.
"కుళ్ళాల్సింది కుళ్ళితేనే గదరా
నిలవాల్సింది నిలిచీది."

ఆనందపురం జంక్షన్‌లో పోలీసులు.
ఘాటీ దిగొచ్చే బండ్లని చూసి చూసి
అన్ని బండ్లనీ అలాగే చూడటం అలవాటైన కళ్ళు.
కుర్ర కానిస్టేబులు, మీసం ఇంకా కుదురుకోలేదు,
కట్ట విప్పమన్నాడు.
ఏం మొక్కన్నాడు.
జనపనార అని ఫోన్లో కొడితే
గంజాయి ఆకు బొమ్మ వచ్చింది.
నా నాలుక పిడచకట్టింది.
బండి కిస్తీలు ఇంకా పద్నాలుగున్నాయి.

నూకరత్నం దిగింది.
నాలుగు పోగులు లాగి మోకాలి మీద పేని
ఒక కొస అతని చేతిలో పెట్టింది, ఒక కొస తను పట్టుకుంది.
"లాగు బాబూ."
లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు.
వేలి మీద ఎర్రగీత పడింది గాని
దారం తెగలేదు.
"దీన్ని కాలిస్తే మత్తెక్కదు, దగ్గొస్తాది.
మీ తాత మంచం దీంతోనే అల్లుంటాడు,
ఇంటికెళ్ళి అడుగు."
అతనేం అనలేదు.
వేలు నోట్లో పెట్టుకుని
రెండో చేత్తో పొమ్మని ఊపాడు.

జాలారిపేట ఇసకలో
పచ్చపచ్చని నైలాన్ వలలు ఆరేసి ఉన్నాయి.
గరికిన దానయ్య కళ్ళకి శుక్లాలు.
నారని ముక్కుతో చూశాడు, వేళ్ళతో చూశాడు,
చెవి దగ్గర పెట్టుకుని చిటుక్కుమనిపించి విన్నాడు.
పేట మొత్తంలో జనుము వల అల్లడం తెలిసింది ఆయనకే.
కొనేది బీచ్ రోడ్డు హోటలు వాళ్ళు,
గోడకి తగిలించడానికి.

"గోడకి ఆరు. నాకొకటి" అన్నాడు.
నీకెందుకు తాతా, చూపే లేదు కదా అన్నాను.
సరిగ్గా గురిచూసి వేలు చూపించాడు.
అలల అంచున తాబేలు.
మెడకి తెగిన నైలాన్ ముక్క,
ఎవరి వలో, ఏ ఏటిదో.
కాకులు అప్పుడే పని మొదలెట్టాయి.
"పోయిన వల ఊరుకోదు బాబూ.
మనం మర్సిపోయినా
అది ఏటకెల్తానే ఉంటాది.
మా అయ్య వల పోతే
ఆర్నెల్లకి సముద్రమే తినేసీది."

నూకరత్నం డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది.
రెండుసార్లూ తక్కువే.
నా కిరాయి మాత్రం తగ్గించలేదు,
నేనూ తగ్గిస్తానని అనలేదు.
ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది.
వచ్చే ఏడు కూడా వేస్తావా అనడిగితే
"మడినడగాల" అంది, అంతే.

తిరుగుదారిలో హనుమంతవాక దగ్గర బండి ఆపాను.
వెనక సీటు కింద ఇరుక్కున్న నాలుగు పోగులు తీసి
ఆమె పేనినట్టే పేనబోయాను.
మూడోసారికి కుదిరింది.
ఊగిపోతున్న అద్దానికున్న ప్లాస్టిక్ తీగ విప్పేసి
దాంతో బిగించి కట్టాను.

వానాకాలం పోయేసరికి కుళ్ళి ఊడిపోవచ్చు.
అప్పుడు మళ్ళీ కట్టుకుంటాను.