లాకు లేనిది

రావులపాలెం షాపులో కుర్రాడు
"ఏ సిమ్మైనా పడుద్దండి, దీనికి లాకు లేదండి" అన్నాడు.
నవ్వొచ్చింది.
లొల్ల లాకుల దగ్గర లస్కరుని నేను.

నాకు కావాల్సిందల్లా
తెల్లారి ఆరింటికి, మంచులో,
గేజిరాయి మీద అంకె
ఏఈ గారికి కనబడాలి, అంతే.
ఎనిమిదివేలది మూడుని ఎనిమిదంటోంది.
ముప్పైవేలంటే
తాకట్టులో ఉన్న సత్తెవేణి గొలుసు.

పద్నాలుగువేలది పట్టుకుని
కాలవగట్టు దాకా నడిచాను,
కుర్రాడు బెంగగా నా వెనకాలే.
అవతలొడ్డు రాయి, గుర్రపుడెక్క సందులో,
నాలుగడుగుల రెండంగుళాలు.
ఇదే ఇయ్యి.

వేలిముద్ర పెట్టమన్నాడు.
గ్రీజు తినేసిన బొటనవేలిని
మూడుసార్లూ ఎరగనంది ఫోను.
"పోనీ నెంబరు లాకు?"

వద్దు బాబూ.
ముప్పయ్యేళ్ళుగా మూస్తూ తీస్తూనే ఉన్నా,
ఇదొక్కటీ
తెరిచే ఉండనీ.