వెనక అంచు

ఫహాహీల్లో చేపల మార్కెట్ వెనక సందు, రెండో అంతస్తు.
గులాబీ రంగు పొడిలో ఘాటు ద్రవం కలిపి
చిగుళ్ళు చేస్తాను నేను.
తొమ్మిదేళ్ళుగా ఎవరెవరి అంగిళ్ళో
నా అరచేతిలో బోర్లా పడుకుంటున్నాయి.

అంగిలి చూస్తే ఊరు తెలీదు.
అందరిదీ అదే గుమ్మటం, అవే మడతలు.
నాలుక ఎక్కడ ఆగుతుందో, ఊపిరి ఏ దారిన పోతుందో
అక్కడ మొదలవుతుంది ఊరు.

ఫిబ్రవరిలో వచ్చాడు ఫోర్తునే.
మీనా అబ్దుల్లా రిఫైనరీలో వెల్డింగు అతుకులు చూసే ముసలాయన,
తూలోన్ రేవువాడు.
పైవరస మొత్తం పోయింది.
డాక్టర్ రీమా, బేరూతులో నేర్చిన ఫ్రెంచిలో
రకారాన్ని గులకరాయిలా దొర్లిస్తూ
అరవై ఆరు అనండి, అంది.
సువసాంతె సిస్, అన్నాడు.
ఆ 'తె' దగ్గర ఒక చిన్న అచ్చు.
పారిస్ వాళ్ళు దాన్ని మింగేస్తారట.
వాళ్ళ రోజ్ హల్లు మీద తలుపేసుకుంటుంది.
ఈయన రోజ మాత్రం
మన ఉప్పులా, మన కుండలా
చివర్న కొంచెం తెరిచే ఉంటుంది.

బయట బెంచీ మీద ఒక పారిస్ ఆవిడ
ఆయన మాట విని నవ్వింది, ముచ్చటగానే.
మీ గొంతులో ఎండ వినిపిస్తోంది, అందట.
"నలభై ఏళ్ళు రాత్రి షిఫ్టులు చేశాను,
ఎండెక్కడిది?" అని నా దగ్గర గొణిగాడు.
ఆమె విన్నది ఆయన్ని కాదు,
తన వేసవి సెలవుల్ని.

ఆ ముచ్చట నాకు తెలుసు.
రూములో సాయన్న "గట్లనా?" అంటే ఎవరూ నవ్వరు.
ఓబులేసు "ఏంది బ్బీ" అంటే కొంచెం జంకుతారు కూడా.
నేను నోరు తెరిస్తే
సినిమాలో పాలేరు లోపలికొచ్చినట్టు చూసేవాళ్ళు.
మావైపు లేదుని నేదు అంటాం.
నాలుక రెండింటికీ పైపళ్ళ వెనకే ఆనుతుంది.
లే అంటే ఊపిరి పక్కల్నుంచి జారుతుంది,
నే అంటే ముక్కులోకి ఎక్కుతుంది.
అంతే తేడా.
ఆ ముక్కు దారి, వచ్చిన ఏడాదే మూసేశాను.
పళ్ళు కట్టేవాడికి అదెంత పని?

పెట్టించుకున్న మూడోరోజే తిరిగొచ్చాడు ఫోర్తునే.
నొప్పి లేదు. నమలడం బాగుంది.
రొట్టె అడగబోతే మాట సగమే వస్తోందట.
పారిస్‌లో రొట్టె ముక్కులో మోగి ఆగిపోతుంది,
తూలోన్‌లో దానికి తోకుంటుంది: పేంగ్.
ఆ తోక కోసం నాలుక మొదలు
అంగిలి మెత్తనిచోటికి తగలాలి.
అక్కడ నా ప్లాస్టిక్ ఉంది.
"ఫోన్లో మా చెల్లెలు, ఎవరండీ మాట్లాడేది, అంది."

రీమా చూసి, కొలత సరిగ్గానే ఉంది, అంది.
సరిగ్గానే ఉంది.
నేను పైకి తీసుకెళ్ళి వెనక అంచు
ఒక మిల్లీమీటరు అరగదీశాను.
పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి
పేంగ్, అన్నాడు. వేంగ్. దెమేంగ్.
రొట్టె, ద్రాక్షసారా, రేపు.
మళ్ళీ పేంగ్.
నా కనుబొమ్మల మీద గులాబీ దుమ్ము.

ఆ సాయంత్రం నూట రెండో నంబరు బస్సు.
ఎదురుగా ఒకావిడ, అబాయా మీద పాత స్వెట్టరు,
ఫోన్లో ఎవర్నో కసురుతోంది:
"డబ్బుల్నేవే గుంటా, ఒగ్గీ."
ఫోను పెట్టేసి నా పక్క సీటు చూపించి
హిందీలో అడిగింది, ఖాళీయేనా అని.
నాలుక పైపళ్ళ వెనక ఆనింది.
ఊపిరి కాసేపు ఎటూ పోలేదు.

"ఎవులూ నేరు," అన్నాను.

ఆమె కూర్చోలేదు.
మొహం కాదు, నా నోరు చూసింది.
"బొబ్బిలా?"

పాలకొండ.
నలభై కిలోమీటర్లు తప్పింది.
"దగ్గిరికొచ్చీసినారు," అన్నాను, "కూకోండి."