ఎవరి బిడ్డవే

పానగల్లు రోడ్డుల మా ఆశ్రమం.
కింద ఎరువుల దుకాణం, మీద పదకొండు మంచాలు.
యూరియా వాసన మెట్లెక్కి వస్తది,
ఫినాయిలు దాన్ని దిగగొడ్తది.

రాత్రి ఎనిమిదింటికి నేనొస్త.
చెప్పులు బయట, గాజులు సంచిల.
గోర్లు మొదలుకంట కత్తిరించుకుంట:
ముసలి తోలు తడిసిన కాయితం,
ఆన్తే చినుగుతది.

అంగి తొడిగేటప్పుడు పట్టేసిన చెయ్యి ముందు.
ఇప్పేటప్పుడు అదే ఆఖరుకు.
ఇది నాకు సిస్టరు నేర్పలే,
మర్రిగూడ లచ్చయ్య తాత మూలుగు నేర్పింది.
బోరు నీళ్లకు బొక్కలు కొంకి తిరిగిన మనిషి,
మెడ ఒక్కటే తిప్పలేడు,
తలుపు రెక్క తీరు మొత్తం తిరుగుతడు.
"నన్ను సక్కగ పండవెట్టకు బిడ్డా,
వంకర్లనే సుఖమున్నది" అంటడు.
ఆ వంకరకు కుదిరే మెత్తలు మూడు
ఎవరికియ్యకుండ దాచిపెట్టిన.

నాలుగో మంచం అనసూయ దొరసాని.
మా ఊరామె కాదు,
మా ఊరి గడీ అసొంటి గడీ ఆమెది.
కొడుకుల పేర్లు పోయినయ్, పొద్దు పోయింది,
ఇప్పుడే తిన్న అన్నం పోయింది,
ఒక్క మాట పోలే:
"ఎవరి బిడ్డవే నువ్వు?"

మొదటి రాత్రి నిజం చెప్పిన.
ఈరయ్య బిడ్డను, సైదమ్మను, మాదిగోల్లం.
పెదవి కాడికి పోయిన గ్లాసు ఆడనే ఆగింది.
తెల్లారేదాక నోరు తెరవలే.
నాలుక ఎండి అట్టగట్టింది.
"నీళ్లు తాపుడు నీ పని గదా" అన్నడు మేనేజరు.
నా పనే. నెలకు తొమ్మిది వేలు.

రెండో రాత్రి కుమ్మరోల్ల బిడ్డనైన. తాగింది.
మూడో రాత్రి సాలోల్ల బిడ్డను.
"మగ్గం నడుస్తున్నదా?" అన్నది,
నడుస్తున్నదన్న.
ఒకనాడు కోపానికి పట్వారి బిడ్డనన్న.
"కూసో" అని పక్కకు జరిగింది,
గ్లాసున్నర తాగింది.
ఆ రాత్రి నాకే ముద్ద దిగలే.

మా నాయనమ్మ చెప్పేది:
నాట్లకు పోయి గడీ వాకిట్ల నీళ్లడిగితే
దోసిలి పట్టుమనేటోల్లట,
మీదికెల్లి పోసేటోల్లట.
సగం మోచేతుల పొంటి కారి
మన్ను తాగేదట.
చెప్పుకుంట నవ్వేది.
ఎందుకు నవ్వుతున్నవని అడగకముందే పోయింది.

నిన్న వాన. కరెంటు లేదు. నాకు జరం.
ఫోను లైటు మెత్తకు ఆనిచ్చి
పక్కగుడ్డ మారుస్తున్న.
"ఎవరి బిడ్డవే?"
అబద్ధం ఏరుకునే ఓపిక లేకుండె.
"ఈరయ్య బిడ్డను. మాదిగ సైదమ్మను."

చానాసేపు చూసింది నా మొఖం దిక్కు.
గ్లాసు మర్చిపోయిందో,
గ్లాసుతోని ఏం చేస్తరో మర్చిపోయిందో,
రెండు చేతులు కలిపి
దోసిలి పట్టింది.
"దూపయితుంది."

చెంబు నా చేతుల ఉన్నది.
ఎంత ఎత్తుల ఉన్నదో నాకెరుకే.
ఎవరు చూడరు, వాన తప్ప.
నా మోచేతులు ఎందుకో తడిగ అనిపించినయ్.

దించిన.
ఆమె దోసిలి కింద నా దోసిలి పెట్టలేను గదా,
చెంబు పట్టాలె;
ఒక్క అరచెయ్యి పెట్టిన.
కారిందంత అందుల పడ్డది.
తాగి, తడి చేతులు నా కొంగుకే తుడుచుకున్నది.

బుక్కుల నాలుగో మంచం ముందట
నీళ్లు, నూటయాభై అని రాసిన.
ఆ గడిల ఇంకేం రాసెతందుకు జాగ లేదు.

లచ్చయ్య తాత మూలుగుతున్నడు.
కుడి దిక్కు మెత్త జారినట్టున్నది.