నోరెత్తకూడని ఆట

అవెయ్‌రో ఊళ్ళో, ఉప్పు మడుల పక్కన
రేకుల కప్పు కాఫీ కొట్టు.
మంగళ, శుక్రవారాలు నలుగురం.
అబీలియు నా జోడీ, ముప్పయ్యొక్క ఏళ్ళుగా.
మా ఆటలో జోడీతో మాట్లాడకూడదు,
కన్ను గీటకూడదు, ఉత్తుత్తి దగ్గు దగ్గకూడదు.
పడిన ముక్కలు ఎవరి తలలో వాళ్ళే దాచుకోవాలి.

నలభై ముక్కలూ అతని తలలో
ఆరబోసిన ఉప్పు కుప్పల్లా వరసగా ఉండేవి.
ఆఠీను ఏడు ఎవరి దగ్గర నక్కిందో
పడకముందే తెలిసేది.
నేను అతని మొహం చూసి ఆడేవాణ్ణి, అంతే.

మందుల షాపు ఓతీలియా ఎప్పుడు పట్టీ చుట్టినా
నూట డెబ్బై, నూట ఎనభై.
"ఉప్పు మడిలో పెరిగినవాడి రక్తం
చప్పగా ఎలా ఉంటుందమ్మా?" అనేవాడు.
బిళ్ళలు చొక్కా జేబులోనే
ఉతుకులో కరిగిపోయేవి.

మొదట పోయింది పేరు కాదు, ఇంటి దారి కాదు.
తురుపు.
"ఇప్పుడు తురుపేంటి?" అన్నాడు పోయిన చలికాలం.
వినపడలేదేమో అనుకున్నాం.
తర్వాత ఒకే కాఫీకి రెండుసార్లు డబ్బులిచ్చాడు.
నవ్వుకున్నాం.

డాక్టరు మాట అతనే చెప్పాడు, ముక్కలు కలుపుతూ:
"కొద్దిపాటి మరుపట. రక్తపు పోటు పనేనట.
మన మడుల్లో చూళ్ళేదూ,
సముద్రప్పోటు రోజూ గట్టును లోపల్నించి నాకుతుంది,
పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.
కొయ్యి."

మొన్న శుక్రవారం
జుస్తీను డైమను ఆసు వేస్తే
అబీలియు తురుపు కొట్టాడు.
ఆఖరి పట్టులో అతని చేతిలో మిగిలింది
డైమను రాజు.
మా ఆటలో అంతకన్నా తప్పు లేదు, నాలుగాటలు పోయినట్టే.
ఒక్క పాయింటు దగ్గర నాతో ఏడాది మాటలు మానేసిన జుస్తీను
ముక్కలన్నీ గబగబా పోగేసి
"వాన వచ్చేలా ఉంది" అన్నాడు.
బయట ఎండ,
ఉప్పు మీద పడి కళ్ళు చెదిరేంత.

"ముక్క ఉండి తురుపు కొట్టాను. గియ్యి నాలుగు."
సుద్దముక్క నా చేతికే ఇచ్చాడు.
మూడో గీత దగ్గర ఆగాను.
"ఇంకోటి" అన్నాడు. "లెక్క నాకింకా వచ్చు."

ఇప్పుడు పంపకం కాగానే
జుస్తీను కిటికీతో చెబుతున్నట్టు గట్టిగా అంటాడు:
"కళావరు తురుపు."
మాట్లాడకూడనిది జోడీ.
ఎదుటివాడి సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు.

నిన్న ఓతీలియా ముందు
నేనూ చొక్కా చెయ్యి మడిచాను.
పట్టీ బిగుస్తుంటే
మొన్నటి ఆటలో పడిన ముక్కలు లెక్కపెట్టుకున్నాను.
రెండుసార్లూ ముప్పై తొమ్మిదే వచ్చాయి.