దురెన్ కలిబాత దాకా

అయిదూ ఇరవైకి చితాయమ్‌లో రైలెక్కేటప్పుడు
సీటు ఊసు ఎవరూ ఎత్తరు.
రెండు పాదాలూ నేలకానితే
ఆ పూటకు అదృష్టవంతులమే.
బోగోర్‌లో ఎక్కినవాళ్లు కూర్చుని వస్తారు
కళ్లు మూసుకుని, నోళ్లు కొంచెం తెరుచుకుని,
మిగిలిపోయిన రాత్రిని రైల్లో ఖర్చుపెట్టుకుంటూ.

నేను తనా అబాంగ్ బజార్లో గుడ్డలు కొలుస్తాను.
పొద్దస్తమానం మీటరు బద్ద, కత్తెర, నూలు దుమ్ము.
అందుకేనేమో ఏది చూసినా కొలతే తోస్తుంది.
నా ముక్కుకూ ముందావిడ తలగుడ్డ పిన్నుకూ మధ్య బెత్తెడు.
దెపోక్ దాటాక ఆ బెత్తెడూ ఉండదు.

ఆరేళ్ల కిందట
మూడో పెట్టెలో, ఎడమ తలుపు పక్కన,
ఒకాయన మోకాళ్ల ముందు ఇరుక్కుపోయాను.
దురెన్ కలిబాతలో ఆయన లేచాడు.
లేస్తూ చేతిసంచి సీటు మీదే ఉంచి
నేను ఒంగేదాకా ఆగి
అప్పుడు తీసుకున్నాడు.
అంతే. ఒప్పందం అంటే అంతే.
మర్నాడూ అక్కడే నిలబడ్డాను.

పేరు ఆయన మెడలో కార్డు మీద చదివాను:
వర్దొయో, స్టోర్స్ విభాగం.
ఫోటోలో జుట్టు నల్లగా ఉంది.
నా పేరు ఆయనకు తెలీదు,
నా మెడలో కొలత టేపు తప్ప ఏమీ ఉండదు.

అక్కణ్ణించి చావాంగ్, తెబెత్, మంగరాయ్.
పది నిమిషాలు.
ఏసీకి కొంకర్లు పోయిన ఒంటి కింద
ఆయన వదిలిన వేడి.
పరాయి మగాడి వేడి అని మొదట్లో కుంచించుకుపోయాను.
తర్వాత్తర్వాత, అప్పుడే దించిన అన్నంగిన్నె కింద
చుట్టకుదురు వేడిలా అనిపించింది.
ఎవరు వండితేనేం.

ఓ వానపూట బేరాల్లేక లెక్క కట్టాను:
ఏడాదికి మూడు వందల రోజులు, రోజుకు పది నిమిషాలు, ఆరేళ్లు.
పన్నెండున్నర రోజులు, రాత్రుళ్లతో సహా.
ఇంత బాకీ నేను మా వదినకి కూడా లేను.

పోయిన సోమవారం
దురెన్ కలిబాతలో తలుపులు తెరుచుకున్నాయి.
నేను సంచి భుజం మార్చుకుని సిద్ధంగా ఉన్నాను.
ఆయన లేవలేదు.
నిద్రేమో అనుకుని గొంతు సవరించాను.
కళ్లు తెరిచే ఉన్నాయి, తన మోకాళ్లనే చూస్తున్నాయి.
తలుపులు మూసుకున్నాయి.

నిజం చెప్పొద్దూ, కోపం వచ్చింది.
నా సీటు అని లోపల ఎవరో అరిచారు,
ఆరేళ్లూ నేను కౌలుకి తీసుకున్నట్టు.

మంగరాయ్‌లో అందరం పరిగెత్తాం,
అక్కడ నడిచేవాళ్లను జనం వరదలా తోసేస్తారు.
మెట్ల మలుపులో వెనక్కి తిరిగి చూస్తే
వర్దొయో అవతలి ప్లాట్‌ఫామ్ మీద
బోగోర్ వెళ్లే రైలు కోసం నిలబడి ఉన్నాడు,
ఇస్త్రీ చొక్కాతో,
మధ్యాహ్నానికి కట్టుకున్న అన్నంతో.

మంగళవారమూ అంతే.

బుధవారం దురెన్ కలిబాతలో లేచాడు.
సంచి సీటు మీద ఉంచాడు.
నేను కూర్చున్నాను.
దిగే జనం ఆయన్ని తలుపు వైపు నెడుతూ ఉంటే
ఎదురీది వచ్చి
నా ముందు, నేను రోజూ నిలబడే చోట నిలబడ్డాడు.
నాకు మునివేళ్లకు తప్ప అందని చేతిపట్టీ
ఆయన పిడికిట్లో పూర్తిగా ఇమిడింది.
నా కళ్లకెదురుగా మెడలోని నీలం తాడు,
దాని కొసన ఖాళీ క్లిప్పు.

ఏమడగాలి?
ఏ భాషలోనైనా పది నిమిషాల్లో పట్టే ప్రశ్న కాదది.

చావాంగ్ దగ్గర రైలు కుదిపింది.
ఆయన మోకాలు నా మోకాలికి తగిలింది.
"అలవాటు లేదు," అన్నాడు, నిలబడటం గురించి,
ఆరేళ్లలో మొదటిసారి.
"సంచి ఇలా ఇవ్వండి," అన్నాను.

మంగరాయ్ దాకా ఒళ్లో పెట్టుకున్నాను.
అడుగున అన్నం ఇంకా వెచ్చగా ఉంది.