ఎడమకాలు

గుంటూరులో మా పిల్ల ఆడిన జట్టుకి
సరిగ్గా పదకొండు మందే.
ఒకరికి జ్వరమొస్తే పది,
ఇంకొకరింట్లో పెళ్లి పడితే తొమ్మిది.
బంతులు మూడు,
అందులో ఒకటి తెల్లారేసరికి గాలి వదిలేసేది.

సలోమి టీచరు విజిల్ ఊదగా నేను వినలేదు.
పక్కన నడుస్తూ చెప్పేది:
"కుడికాలు దేవుడిచ్చాడు,
ఎడమకాలు మనం తెచ్చుకోవాలి."
ఏడాదిన్నర, రోజుకి వందసార్లు,
గోడకేసి, ఎడమతోనే.
తొంభైకే వంద అయిందంటే
ఆవిడకి తెలిసిపోయేది, ఎట్టాగో.

నేనే మార్పించాను. దాచేదేముంది.
బెజవాడ క్లబ్బులో నూట నలభై మంది ఆడపిల్లలు,
పచ్చగడ్డి కాని పచ్చగడ్డి, రాత్రిళ్లు లైట్లు,
వయసుకో జట్టు, జట్టుకో రెండో జట్టు.
సెలెక్టర్లు వచ్చేది అక్కడికేనన్నారు.
నిజమే, వస్తారు.
వారానికి మూడు సాయంత్రాలు స్కూటర్ మీద
కాజ టోల్‌గేటు దాటి, వారధి దాటి.
వెనక కూర్చుని అరటిపండు తింటుంది,
తొక్క కృష్ణలో వేయనివ్వను.

అక్కడ దాని పేరు ముప్పై నాలుగు.
కోచ్ చెడ్డవాడేం కాదు పాపం,
ఒక్కడు, అరవై మంది,
చేతిలో అట్ట, అట్ట మీద బాణాలు.
అందులో మా పిల్ల ఏ బాణమో నాకింకా తెలీదు.
పరుగు మాత్రం పెరిగింది, ఒప్పుకుంటాను,
పక్కన పరిగెత్తేవాళ్లంతా తనకన్నా చురుకు మరి.

మొన్న ఆదివారం రెండు జట్లకీ పడింది.
గుంటూరు పిల్లలు పదిమందే దిగారు.
పదకొండోది మా వైపు బెంచీ మీద
నారింజరంగు బనీను తొడుక్కుని.
నాలుగు, ఒకటి. మనమే గెలిచాం.
మనం అన్నాను గానీ
ఆ ఒక్క గోలుకే లేచి నిలబడింది మా పిల్ల,
అటూ ఇటూ చూసి మళ్లీ కూర్చుంది.

ఆట అయ్యాక సలోమి టీచరు
ఖాళీ సీసాలు ఏరుకుంటూ ఇటొచ్చింది.
నేను నేల చూశాను.
ఎందుకెళ్లావనలేదు,
ఆడించారా అనలేదు.
"ఇందూ, ఎడమకాలు ఎట్టా ఉందే?"

దారంతా మాట లేదు.
మంగళగిరి దాటాక వీపుకి తల ఆనించింది,
నిద్రనుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి
పక్కింటి రోశయ్యగారు తలుపు కొట్టారు,
గోడ అదిరి టీవీ వినపడట్లేదని.
బయటికెళ్లి అడిగాను, "ఎన్నయ్యాయి?"
"అరవై రెండు."

ఇంకో ముప్పై ఎనిమిది, రోశయ్యగారూ.